పెట్టె మీద దుమ్ము

సంతపేటలో బెల్లం మండీ పైన మా క్లబ్బు.
మెట్లెక్కేటప్పుడే చెప్పులు జిగటగా అంటుకుంటాయి.
ఈగలే మా శాశ్వత సభ్యులు,
చందా అడగలేం, పొమ్మనలేం.

తపాలాఫీసులో ముప్పై ఏండ్లు ముద్రలు గుద్దిన చేత్తో
ఈ రాత్రి నివేదిక రాస్తా ఉండా,
కార్యదర్శి గజలక్ష్మిని.
ఒక్క పేజీలో ముగించమ్మా అన్నాడు
అధ్యక్షుడు ఎత్తిరాజులు.

కంటి ఆపరేషన్లు: అరవై మూడు.
రాసి, పెన్ను ఆపినా.
యాదమరి నుంచి వచ్చిన కుప్పమ్మ
కట్టు విప్పినాక ఎవరికీ దండం పెట్టలేదు.
ఇంటికి పోయి, గోడల పక్క చూసి
కోడల్ని తిట్టిందంట:
"ఇంత మసి పట్టుంటే
ఒక్కరన్నా చెప్పినారా నాకు?"
ఆ తిట్టుని ఏ గడిలో వేసేది?

చలివేంద్రం: డెబ్బై రెండు దినాలు.
గ్లాసు పోతాదని గొలుసు వేసినాం.
గొలుసు పోయింది. గ్లాసు ఉంది.
కోశాధికారి ఖాదర్ బాషా
"గొలుసు, నూట నలభై" అని ఖర్చులో వేసి
పక్కన చిన్నక్షరాలతో
"ఎవరికో అవసరం" అని రాసుకున్నాడు.

మొక్కలు: రెండువందలు.
బతికినవి పదకొండు, అది అడిగితేనే చెప్తాం.
ఆ దినం బ్యానర్లో పేరు లేదని
అలిగి పోయిన ఏకాంబరం ఇంకా రాలేదు.
బ్యానరు మాత్రం కిందనే ఉంది,
బెల్లం దిమ్మెల మీద కప్పి,
నవ్వుతా ఉండే మా మొహాలకు చీమలు పట్టి.

వీల్‌చైర్లు: ఇచ్చినవి తొమ్మిది, తిరిగొచ్చినవి ఎనిమిది.
తొమ్మిదోదాన్ని వెతుక్కుంటా మురకంబట్టు పోయినా.
పెద్దాయన పోయి నాలుగు నెలలు.
కుర్చీలో మూడు బిందెలు కూర్చోనుండాయి.
కొళాయి కాడ్నించి మిట్ట మీదికి
తోసుకొస్తా ఉంది పదేండ్ల మనవరాలు.
"కుర్చీ కోసం వచ్చినారా?"
లేదు పాపా, దారి తప్పినా, అన్నా.
అబద్ధం రాయకూడని పుస్తకంలో
"ఒకటి ఆచూకీ లేదు" అని రాసినా.

ఇంక ఆ పెట్టె.
మనిషి పోయినాక పడుకోబెట్టే చల్లటి పెట్టె.
నలభై ఒక్కసారి బయటికి పోయింది.
గిరింపేటకు, తోటపాళ్యానికి,
మిద్దెల్లోకి, రేకుల ఇండ్లలోకి.
ఊర్లో ఇంటిపేరు అడగని మంచం అదొక్కటే.
ముప్పై ఎనిమిదోసారి ఎత్తిరాజులు ఇంటికి.

శకుంతలమ్మ.
ప్రతి మీటింగుకీ అలసంద గుగ్గిళ్ళు పంపిన మనిషి.
ఆ స్టీలు డబ్బా ఇంకా మా బీరువాలోనే ఉంది,
ఎట్ల తిరిగిచ్చేదో తెలీక.

ఎంతమంది ఇండ్లల్లోనో
ఏడ్చేవాళ్ళను ఓర్పుగా పక్కకు పిలిచి
"ఇది స్విచ్చి, ఇది చలి" అని చూపించిన చేయికి
ఆ దినం స్విచ్చి దొరకలేదు.
ఖాదర్ వేసినాడు.
మూడోనాడు రిజిస్టరు తెప్పించుకున్నాడు.
పదకొండేండ్లుగా "ఇచ్చినవారు" అనే చోట
గీసిన సంతకాన్ని
ఒక గడి జరిపి, "తీసుకున్నవారు" కింద పెట్టినాడు.
అక్షరాలు మారలేదు. కొంచెం కిందికి జారినాయి, అంతే.

పేజీ నిండింది. వెనక్కి తిప్పినా.
రాబోయే ఏటి లక్ష్యాలు.
కండ్లు, నూరు.
గొలుసు, వద్దు.
ఏకాంబరం ఇంటికి పోయి రావాల, ఇద్దరం.
మొక్కలు, యాభై చాలు, నీళ్ళు పోసేవాళ్ళ పేర్లతో.
"పెట్టెకి ఏం రాసేది సార్?" అని ఫోన్లో అడిగినా.
చానాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"సున్నా రాయి."
అయ్యే పని కాదు సార్.
"తెలుసు. రాయి."

రాసినా.
తపాలా ముద్రంత గుండ్రంగా వచ్చింది సున్నా.

లైటు తీసేముందు
మూలన గోనె కప్పుకున్న పెట్టె కాడికి పోయి
మూత మీద వేలితో గీసి చూసినా.
దుమ్ము లేదు.
ఇంకా పట్టలేదు.